ఊరి గొంతు వినిపించిన సినిమాలు

‘కేరాఫ్ కంచరపాలెం’ 2018 సెప్టెంబరు 7న విడుదలైంది. పోస్టరు మీద చెప్పుకోదగ్గ తార ఒక్కరూ లేరు. విశాఖపట్నంలోని కంచరపాలెం వాసులే 80 మందికి పైగా అందులో వేషాలు వేశారు. దర్శకుడు వెంకటేష్ మహాకు అది తొలి చిత్రం. నిర్మాత పరుచూరి విజయ ప్రవీణ అమెరికాలో గుండె వైద్యురాలు. సలీమా అనే ముఖ్యపాత్ర కూడా ఆమే ధరించారు. సినిమా పూర్తయ్యాక రానా దగ్గుబాటి ముచ్చటపడి సమర్పకుడిగా నిలబడ్డారు. సురేష్ ప్రొడక్షన్స్ దాన్ని థియేటర్లకు చేర్చింది. అప్పటి నుంచి ఏడాదికి ఒకటో రెండో ఇలాంటి సినిమాలు తెలుగులో వస్తూనే ఉన్నాయి. వాటిలో కథ ఒక ఊరిలోనో పేటలోనో పుడుతుంది, అక్కడి మాటతోనే నడుస్తుంది, అక్కడి పనిపాటల మధ్యే ముగుస్తుంది. ‘మల్లేశం’, ‘పలాస 1978’, ‘సినిమా బండి’, ‘బలగం’, ‘35 చిన్న కథ కాదు’, ‘కమిటీ కుర్రోళ్లు’, ‘కోర్ట్’ ఈ వరుసలోవే. అన్నీ ఒకే స్థాయివి కావు. కొన్ని చాలా గొప్పవి, కొన్ని సగం దారిలో ఆగిపోయినవి. ఊరు కథలో ఎంత లోతుగా దిగిందన్న ఒక్క విషయంలోనే వాటి మధ్య తేడా తెలుస్తుంది.

కంచరపాలెం కథలో నాలుగు జంటలున్నాయి. బడిపిల్లలు సుందరం, సునీత. రౌడీ ముఠాలో తిరిగే జోసెఫ్, అగ్రహారపు ఇంటి అమ్మాయి భార్గవి. మందు దుకాణంలో పనిచేసే గడ్డం, రోజూ సాయంత్రం ముఖానికి ముసుగేసుకుని వచ్చి సీసా కొనుక్కెళ్లే సలీమా. నలభై తొమ్మిదేళ్లొచ్చినా పెళ్లికాని అటెండరు రాజు, అదే ఆఫీసుకు అధికారిణిగా వచ్చిన ఒడిశా మహిళ రాధ. ఈ నాలుగు కథలూ పక్కపక్కనే నడుస్తాయి. అవి ఎక్కడ కలుస్తాయో చివరి నిమిషాల దాకా తెలియదు. ఇంకా చూడనివాళ్లు ఉంటారు కనుక ఆ ముడి ఇక్కడ విప్పడం న్యాయం కాదు. ఒకటి మాత్రం చెప్పవచ్చు. ముడి తెలిసిపోయాక రెండోసారి చూసినా సినిమా పలచబడదు, ఇంకా చిక్కనవుతుంది. మలుపు మీద ఆధారపడిన సినిమాల్లో ఈ గుణం అరుదు.

రాజు కులం ఏదో పేటలో ఎవరికీ తెలియదు. ముసలయ్యలు రచ్చబండ దగ్గర కూర్చుని అదే ఆరా తీస్తుంటారు. పెళ్లి ఎందుకు కాలేదని ఒకరు, అసలు మగాడేనా అని మరొకరు. ఆ వేళాకోళంలో దురుద్దేశం ఉండదు, కనికరమూ ఉండదు. పేట అంటే అలాగే ఉంటుంది. రాజు వేషం వేసిన సుబ్బారావు ఆ మాటలన్నీ నవ్వుతూ దాటవేస్తాడు. ఆ నవ్వులో బాధ దాస్తున్న జాడ కూడా లేదు, అతని తీరే అంత. కొత్తవాడైన నటుడు అంత తేలిగ్గా కెమెరా ముందు నిలబడడం చూస్తే, నటన నేర్పే పద్ధతుల గురించి చాలా ప్రశ్నలు పుట్టుకొస్తాయి. రాధ పాత్రధారిణి రాధా బెస్సీ కూడా అంతే. ఆఫీసులో ఆమె మాట్లాడే తెలుగులో ఒడియా యాస పలుకుతుంది. దాన్ని నవ్వులాటకు వాడుకోకపోవడం దర్శకుడి మర్యాద.

ఈ సినిమాలో లోపం లేకపోలేదు. నాలుగు కథల్లో మూడింట ఆడపిల్ల బతుకు ఇంకొకరి చేతుల్లోనే తేలిపోతుంది. సునీతను తండ్రి ఊరు దాటించేస్తాడు. భార్గవి ఇంటివాళ్ల ఒత్తిడికి లొంగుతుంది. సలీమా కథ విషాదంలో ముగుస్తుంది. రాధ వంతు వచ్చేసరికి మాత్రం, కూతురి అండతో, ఆమె తన మాట తాను చెప్పగలుగుతుంది. అది కూడా నలభై దాటాక. ఇది దర్శకుడి పొరపాటా, లేక సమాజాన్ని ఉన్నదున్నట్టు చూపడమా అంటే రెండోదే నిజమనిపిస్తుంది. కానీ మొదటి మూడు పాత్రలకూ ఇంకాస్త మనసు విప్పే చోటు ఇచ్చి ఉంటే కథ బరువు పెరిగేది. స్వీకార్ అగస్తి సంగీతం ఈ లోటును కొంత పూడుస్తుంది. అది ఏడవమని తొందరపెట్టదు, వెనకే నడుస్తుంది.

ఈ సినిమాలు ఎంత మార్పు తెచ్చాయో తెలియాలంటే అంతకుముందు తెరమీద యాసల గతి ఏమిటో గుర్తు చేసుకోవాలి. చాలా దశాబ్దాలు నాయకుడు, నాయిక కృష్ణా గుంటూరు, గోదావరి ప్రాంతాల శిష్ట భాషనే మాట్లాడారు. తెలంగాణ మాట రౌడీకో హాస్యగాడికో దక్కేది. ఉత్తరాంధ్ర మాట పనివాడికి, అమాయకుడికి. రాయలసీమ మాట కత్తులు పట్టిన ముఠావాళ్లకు. ప్రేక్షకుల్లో సగం మంది ఇంట్లో మాట్లాడే భాష తెరమీద నవ్వులపాలైంది. ఈ ధోరణికి ఎదురు నిలిచిన సినిమాలు అప్పుడూ ఉన్నాయి. బి. నర్సింగరావు నిర్మాణంలో గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ తెలంగాణ సాయుధ పోరాటాన్ని అక్కడి భాషలోనే చెప్పింది. నర్సింగరావు స్వయంగా దర్శకత్వం వహించిన ‘దాసి’ 1988 నాటిది. గడీలో దాసిగా అర్చన నటించారు. ఆ ఒక్క చిత్రానికే అయిదు జాతీయ పురస్కారాలు వచ్చాయి. అయితే ఆ బాట పట్టి మామూలు వ్యాపార చిత్రాలు నడవలేదు. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక గాలి మెల్లగా మారింది. 2017లో వచ్చిన ‘ఫిదా’లో బాన్సువాడ అమ్మాయి భానుమతి తన ఊరి మాటను తల ఎత్తుకుని మాట్లాడింది. ఆ పాత్రలో సాయిపల్లవికి వచ్చిన ఆదరణ చూశాక, యాస ఉంటే సినిమా ఆడదన్న భయం చాలామంది నిర్మాతలకు పోయింది.

2019 జూన్ 21న వచ్చిన ‘మల్లేశం’ ఆ తర్వాతి పెద్ద అడుగు. ఇది నిజజీవిత కథ. చింతకింది మల్లేశంది ఆలేరు దగ్గరి శారాజీపేట. చేనేత కుటుంబం. ఆరో తరగతితో చదువు ఆగిపోయింది. పోచంపల్లి తరహా పట్టుచీర నేయాలంటే రంగులద్దే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంగా పాతిన మేకుల మీదికి దారాన్ని ఒక చేత్తో అటూ ఇటూ చుట్టడమే ఆసు పోయడం. ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి కదలాలి. నాలుగైదు గంటల పని. నేతన్నల ఇళ్లలో అది ఆడవాళ్ల వంతు. కొన్నేళ్లు చేస్తే భుజం పడిపోతుంది. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక మల్లేశం యంత్రం తయారీకి పూనుకున్నారు. మొదలుపెట్టింది 1992లో, పూర్తయింది 1999లో. హైదరాబాద్‌లో చిన్నాచితకా పనులు చేసుకుంటూ కూడబెట్టిన డబ్బంతా విడిభాగాలకే పోసి సాధించారు. తల్లి పేరుతో లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఇలాంటి కథ దొరికితే మామూలుగా పొగడ్తల సినిమా తయారవుతుంది. దర్శకుడు రాజ్ ఆర్ ఆ దారి పట్టలేదు. ఆయన కళ్లు పనిమీదే ఉన్నాయి. ఆసు పోసే చెయ్యి ఎన్నిసార్లు కదులుతుందో కెమెరా ఓపిగ్గా చూపిస్తుంది. ఝాన్సీ తల్లిగా నటించిన దృశ్యాల్లో సంభాషణ తక్కువ, భుజం ఎక్కువ. నొప్పి గురించి ఆమె ఉపన్యాసం ఇవ్వదు, చెయ్యి పైకి లేపలేక ఒక్క క్షణం ఆగుతుంది. అక్కడే కథకు కావాల్సిన కారణమంతా దొరికిపోతుంది. తెలుగు తెరమీద రైతు కనిపించినంతగా నేతపనివాడు కనిపించలేదు. కనిపించినా, మగ్గం కథకు వెనక గోడలా ఉండేది. ఈ సినిమాలో మగ్గం, చిటికీలు, ఆసు, అప్పు, షావుకారు అన్నీ కథలోనే ఉన్నాయి. మాటలు పెద్దింటి అశోక్ కుమార్ రాశారు. ఆయన తెలంగాణ పల్లె జీవితాన్ని కథలుగా రాసిన రచయిత కనుక సంభాషణల్లో ఎక్కడా అతుకులు కనిపించవు. మల్లేశంగా నటించిన ప్రియదర్శి అంతవరకు నాయకుడి స్నేహితుడిగా నవ్వించిన నటుడు. ఈ సినిమాతో ఆయనలో ఉన్న నటుడెవరో బయటపడ్డాడు. భార్య పద్మగా అనన్య నాగళ్ల కూడా తొలి చిత్రంలోనే నిలదొక్కుకున్నారు. యంత్రం పూర్తయ్యే చివరి భాగం కాస్త తొందరగా గడిచిపోయింది. ఏడేళ్ల వైఫల్యం మీద ఇంకొంచెం నిలబడి ఉంటే విజయం విలువ మరింత తెలిసేది.

2020 మార్చిలో కరుణ కుమార్ తీసిన ‘పలాస 1978’ వచ్చింది. జీడిపప్పు పరిశ్రమకు పేరుపడ్డ పలాసలో, షావుకార్ల కింద నలిగే దళిత కళాకారుల కుటుంబం కథ ఇది. కులాన్ని పేరు పెట్టి పలికే ధైర్యం దీనిలో ఉంది. శ్రీకాకుళం మాట హాస్యానికి కాకుండా కోపానికి, ఆత్మగౌరవానికి వాడటం దీని గొప్పతనం. రెండో సగంలో కత్తుల గోల ఎక్కువై పాత్రలు పలచబడ్డాయి. విడుదలైన కొద్దిరోజులకే కోవిడ్‌తో థియేటర్లు మూతపడ్డాయి. దానివల్ల దక్కాల్సిన ఆదరణ కూడా పూర్తిగా దక్కలేదు.

థియేటర్లు మళ్లీ మూతపడిన రోజుల్లో, 2021 మే 14న, ‘సినిమా బండి’ నేరుగా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. దర్శకుడు ప్రవీణ్ కాండ్రేగుల. నిర్మాతలు రాజ్, డీకే. ఆటో నడుపుకునే వీరబాబుకు బండి వెనక సీట్లో ఎవరో మరిచిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. పెళ్లిళ్లకు ఫొటోలు తీసే గణపతిని వెంటేసుకుని ఊళ్లోనే సినిమా తీయడానికి బయలుదేరతాడు. నాయకుడు మంగలి దుకాణం నడిపే మరిడేశ్ బాబు. నాయిక కూరగాయలమ్మే మంగ. వీళ్లెవరికీ సినిమా అంటే ఏమిటో తెలియదు, కానీ తెరమీద ఏం బావుంటుందో మాత్రం బాగా తెలుసు. ఈ రెంటి మధ్యే నవ్వంతా పుడుతుంది. పల్లెటూరివాళ్లను చూసి కాకుండా వాళ్లతో కలిసి నవ్వే సినిమాలు తెలుగులో చాలా తక్కువ. మంగ పాత్రలో ఉమ కెమెరాకు బెదరదు. దర్శకుణ్ణీ కెమెరామన్‌నీ నోటికొచ్చినట్టు దబాయిస్తుంది. ఆమె తెరమీదికి వచ్చిన క్షణం నుంచి సినిమాకు ప్రాణం లేచొస్తుంది.

భాష విషయంలో ‘సినిమా బండి’ చేసిన మేలు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కర్ణాటక సరిహద్దు పల్లెల్లో, ముళబాగిలు కోలారు వైపు, తెలుగు మాట్లాడే జనం చాలామంది ఉన్నారు. వాళ్ల తెలుగులో కన్నడ సాగతీత ఉంటుంది. అది ఏ వ్యాపార చిత్రంలోనూ వినిపించలేదు. ఈ సినిమాలో పాత్రలన్నీ ఆ మాటే మాట్లాడతాయి. ఎందుకు మాట్లాడుతున్నాయో వివరణ ఇవ్వవు. రెండు రాష్ట్రాల అవతల కూడా తెలుగు ఇల్లు ఉందని ఇంత సహజంగా గుర్తుచేసిన సినిమా మరొకటి లేదు. కెమెరా పోగొట్టుకున్న నగరపు అమ్మాయి కథను మాత్రం పైపైనే చెప్పి వదిలేశారు. ఆమె వైపు నుంచి కూడా నష్టం తెలిసి ఉంటే వీరబాబు ఎంచుకున్న దారి తప్పొప్పులు మరింత గట్టిగా తగిలేవి.

ఇక ‘బలగం’. 2023 మార్చి 3న విడుదలైన ఈ చిత్రం గురించి ఎంత చెప్పినా తక్కువే. దర్శకుడు వేణు యెల్దండి. అంతవరకు హాస్యనటుడిగానే జనానికి తెలిసిన మనిషి. సిరిసిల్ల ప్రాంతంలో, తన సొంత నేల మీద తొలి సినిమా తీశారు. కథ చాలా చిన్నది. కొమురయ్య అనే పెద్దాయన చనిపోతాడు. మూడొద్దుల నాడు పిండం పెడితే పిట్ట ముట్టదు. అయిదొద్దుల నాడూ ముట్టదు. చచ్చిపోయినాయన మనసులో ఏదో కోరిక మిగిలిందని ఊరంతా మాట్లాడుకుంటుంది. పదకొండొద్దుల లోపు ఆ కోరిక ఏమిటో తెలుసుకుని తీర్చాలి. ఇంట్లో చూస్తే అన్నదమ్ములకు పడదు. చెల్లెలు పుట్టింటి గడప తొక్కి ఇరవై ఏళ్లు దాటింది.

అన్నేళ్ల పగకు కారణం ఒక నల్లి బొక్క, అంటే మూలుగ ఉన్న ఎముక. విందులో అల్లుడు నారాయణకు అది దక్కలేదు. మాటా మాటా పెరిగింది, బంధం తెగింది. బయటివాళ్లకు ఇది హాస్యంగా తోచవచ్చు. తెలంగాణ ఇళ్లలో దావత్‌కు, అల్లుడి మర్యాదకు, విస్తట్లో పడే ముక్కకు ఉన్న లెక్క తెలిసినవాళ్లకు మాత్రం అది నవ్వులాట కాదు. వేణు గొప్పతనం ఇక్కడే ఉంది. పెద్ద నేరమో ఆస్తి మోసమో కారణంగా పెట్టలేదు. కుటుంబాలు నిజంగా ఎంత చిన్న మాటకు విడిపోతాయో అంత చిన్నదే పెట్టారు. నారాయణగా మురళీధర్ గౌడ్ ఆ అవమానాన్ని ఇరవై ఏళ్లు మోసిన మనిషిలాగే కనిపిస్తారు. పీటమీద కూర్చోవడం, పలకరింపుకు బదులివ్వకపోవడం, లేచి వెళ్లిపోవడం, ఏది చూసినా ఇలాంటి మేనమామో బావో ప్రతి ఇంట్లో ఒకరున్నారనిపిస్తుంది. కొమురయ్యగా సుధాకర్ రెడ్డి కనిపించేది కొద్దిసేపే. కానీ ఆ కొద్దిసేపట్లోనే ఊళ్లో అందరితో పరాచికాలాడి, సినిమా అంతా ఆయన లేని లోటు తెలిసేలా చేస్తారు.

చివరి పాట గురించి విడిగా చెప్పాలి. బుడగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు కర్మనాడు కూర్చుని చనిపోయిన మనిషి తరఫున కుటుంబానికి పాడతారు. తెలంగాణ పల్లెల్లో చావు తర్వాత ఇలాంటి పాట పాడించడం పాత ఆచారం. సినిమా ఆ ఆచారాన్ని అలంకారంగా వాడలేదు. కథ ముడి విప్పే పని దానికే అప్పగించింది. సంభాషణలు చేయలేని పని ఆ గొంతులు చేశాయి. భీమ్స్ సిసిరోలియో సంగీతం అక్కడ వెనక్కి తగ్గి వాళ్లకు చోటిచ్చింది. చాలామంది సంగీత దర్శకులకు ఈ నిగ్రహం ఉండదు. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు. అంతకుముందు ఎన్నేళ్లు ఊరూరా పాడినా రాని గుర్తింపు ఈ ఒక్క పాటతో ఆయనకు వచ్చిందన్నది సంతోషమూ, బాధా కలిసిన మాట.

‘బలగం’ థియేటర్లలో ఆగిపోలేదు. ఓటీటీలోకి వచ్చాక తెలంగాణ పల్లెల్లో పంచాయతీల దగ్గర, గుడుల ముందు తెరలు కట్టి ఊరంతా కలిసి చూశారు. ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు చూశాక కలిసిపోయారన్న వార్తలు పత్రికల్లో వచ్చాయి. ‘ఊరు పల్లెటూరు’ పాటకు కాసర్ల శ్యామ్‌కు 2023 సంవత్సరపు ఉత్తమ గేయ రచయితగా జాతీయ పురస్కారం దక్కింది. తెలంగాణ ప్రభుత్వం ప్రవేశపెట్టిన గద్దర్ పురస్కారాల్లో ఆ ఏడాది ఉత్తమ చిత్రంగా ‘బలగం’ నిలిచింది. ఇంత మంచి సినిమాలోనూ బలహీనమైన భాగం ఉంది, అది నాయకుడు, కొమురయ్య మనవడు సాయిలు కథ. అప్పులు తీర్చుకోవడానికి కట్నం కోసం పెళ్లికి సిద్ధపడ్డవాడు, ఆస్తి చూసి మేనత్త కూతురు సంధ్య వెంట పడ్డవాడు, చివరికి మంచివాడైపోవడం చాలా తేలిగ్గా జరిగిపోయింది. తాత మీది పశ్చాత్తాపం నమ్మేలా ఉంది. సంధ్యకు మాత్రం న్యాయం జరగలేదు. ఆమె మనసులో ఏముందో తెలుసుకునే తీరిక కథకు దొరకలేదు.

2024 సెప్టెంబరు 6న వచ్చిన ‘35 చిన్న కథ కాదు’ తిరుపతిలోని ఒక ఇంటి కథ. దర్శకుడు నందకిషోర్ ఈమాని. అరుణ్ అనే పిల్లవాడికి లెక్కలు రావు. రాకపోవడానికి కారణం బద్ధకం కాదు, ప్రశ్న. సున్నాకు విలువ లేనప్పుడు ఒకటి పక్కన చేరితే పది ఎలా అవుతుందని అడుగుతాడు. బడిలో జవాబు రాదు. కొత్తగా వచ్చిన లెక్కల మాస్టారు చాణక్య వర్మ పిల్లలను మార్కులతోనే పిలుస్తాడు, వీడికి జీరో అన్న పేరు స్థిరపడుతుంది. బడిలో నిలవాలంటే 35 మార్కులు రావాలి. పదో తరగతి తప్పిన తల్లి సరస్వతి, కొడుక్కి నేర్పడం కోసం తానే మళ్లీ లెక్కలు నేర్చుకుంటుంది.

పిల్లల చదువు మీద వచ్చిన తెలుగు సినిమాల్లో ఇంత ప్రశాంతంగా మాట్లాడినది లేదు. ర్యాంకుల కోసం పరిగెత్తించే కథ కాదు, గెలుపంటే కేవలం పాసవడమే. అంత చిన్న లక్ష్యం పెట్టుకుని రెండు గంటలకు పైగా ఆసక్తి నిలపడం సులువు కాదు. నివేదా థామస్ తల్లిగా ఎక్కడా అతిగా పోలేదు. 2024కు గద్దర్ ఉత్తమనటి పురస్కారం ఆమెకు రావడం సముచితం. మాస్టారి పాత్ర మాత్రం కొన్నిచోట్ల మరీ కరకుగా తయారైంది. అంత పట్టుదల వెనక కారణం ఇంకాస్త ముందే చెప్పి ఉంటే బావుండేది. తిరుపతి కూడా గోపురాలు, వీధులు, మెట్లుగా అందంగా కనిపిస్తుంది గానీ, ఆ ఊరి మాట వినిపించింది తక్కువ.

అదే ఏడాది ఆగస్టులో యదు వంశీ ‘కమిటీ కుర్రోళ్లు’ వచ్చింది. గోదావరి పల్లె, పన్నెండేళ్లకోసారి వచ్చే జాతర, కొత్త కుర్రాళ్లు పదకొండుమంది. రిజర్వేషన్ల గొడవ స్నేహితులను ఎలా చీల్చిందో చెప్పబోయింది. తొంభైల నాటి బాల్యాన్ని చూపిన తొలి భాగం కళ్లకు కట్టినట్టుంది. అసలు ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి అందరినీ మెప్పించే మాటలు చెప్పి తప్పుకుంది. అంత కష్టమైన విషయం ఎత్తుకున్నాక తేల్చిచెప్పే తెగువ కూడా ఉండాల్సింది.

2025 మార్చి 14న విడుదలైన ‘కోర్ట్’ ఈ వరుసలో కాస్త వేరు. రామ్ జగదీష్ దర్శకత్వం, నాని సమర్పణ. 2013 నాటి విశాఖ నేపథ్యం. పందొమ్మిదేళ్ల చందు, మైనరు అమ్మాయి జాబిలి ప్రేమించుకుంటారు. పరువు పట్టింపు ఉన్న ఆమె బంధువు మంగపతి ఆ కుర్రాడి మీద పోక్సో కేసు పెట్టిస్తాడు. ఆ చట్టం 2012లో వచ్చింది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల అంగీకారానికి అందులో విలువ లేదు. పిల్లలను కాపాడటానికి వచ్చిన చట్టం పగ తీర్చుకునేవాడి చేతిలో పడితే ఏమవుతుందో సినిమా సూటిగా చూపించింది. మంగపతిగా శివాజీ నటన భయపెడుతుంది. ఇంట్లో మాట పెంచకుండానే అందరినీ అణచిపెట్టే పెద్దమనిషిని తెలుగువాళ్లు చాలామంది ఎరుగుదురు. కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్ సాగిన దృశ్యాలు బిగువుగా ఉన్నాయి. కానీ విశాఖ ఇందులో బోర్డుల మీదే ఉంది. ఈ కథ గుంటూరులో జరిగినా కరీంనగర్‌లో జరిగినా తేడా ఉండదు. న్యాయపోరాటం కథకు అది నష్టం చేయకపోవచ్చు, కానీ కంచరపాలెం చూపించిన విశాఖ తెలిసిన ప్రేక్షకుడికి కొరత తెలుస్తుంది.

‘మల్లేశం’, ‘బలగం’, ‘35’, ‘కోర్ట్’ నాలుగింటిలోనూ ప్రియదర్శి ఉన్నారు. నేతపనివాడు, అప్పులపాలైన పల్లె కుర్రాడు, లెక్కల మాస్టారు, జూనియర్ లాయరు. ఒక పాత్ర మాట మరో పాత్రకు అంటుకోలేదు. తెలుగులో ఈ తరహా కథలు నిలదొక్కుకున్నాయంటే ఈ నటుడి వాటా చాలా ఉంది.

ఈ చిత్రాలన్నింటినీ కలిపి చూస్తే ఒక లోటు మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. ఊరిని ఇంత బాగా విన్న దర్శకులు కూడా ఆడవాళ్ల మాటను ఇంకా అంత శ్రద్ధగా వినలేదు. ‘మల్లేశం’లో తల్లి, ‘35’లో సరస్వతి, ‘సినిమా బండి’లో మంగ మినహాయింపులు. మిగతా చోట్ల యువతి ప్రేమకు గురి కావడానికో, గొడవకు కారణం కావడానికో పరిమితమైంది. రచయిత్రులు, దర్శకురాళ్లు ఈ తరహా సినిమాల్లోకి ఎక్కువగా వస్తేనే అది మారుతుంది.

వీటి మనుగడ మాట కూడా చెప్పుకోవాలి. పెద్ద హీరో సినిమా మొదటి మూడురోజుల వసూళ్లు హీరో పేరు మీదే వస్తాయి. చిన్న సినిమాకు ఆ వెసులుబాటు లేదు. శుక్రవారం మొదటి ఆట చూసినవాళ్లు బావుందంటేనే శనివారం జనం వస్తారు. ఆదివారం దాకా హాలు నిండకపోతే సోమవారానికి ఆటలు తగ్గించేస్తారు. అందుకే విడుదలకు ముందే టికెట్టు పెట్టి ప్రీమియర్లు వేసే పద్ధతి వచ్చింది. ‘కోర్ట్’కు ఇది బాగా కలిసొచ్చింది. ఓటీటీలోకి వచ్చాక చూద్దామని ఆగే అలవాటు పెద్ద సినిమాలకు చేసే నష్టం కొంతే. చిన్నవాటికి మాత్రం అది ప్రాణం మీదికి వస్తుంది.

ఈ ఎనిమిదింటిలో ‘బలగం’, ‘మల్లేశం’, ‘కేరాఫ్ కంచరపాలెం’ తెలుగు సినిమా చరిత్రలో నిలిచే చిత్రాలు. ‘సినిమా బండి’, ‘35’ వాటి వెనకే ఉంటాయి. ఇక ముందు ఇలాంటి సినిమా వచ్చినప్పుడు, పోస్టరు మీద తెలిసిన ముఖం లేదని వదిలేయకుండా, మొదటి వారంలోనే ఇంటిల్లిపాదీ హాలుకు వెళ్లి చూడండి.